సత్తు గిన్నె వెనక కొండ

లమ్తపుట్ సంతలో సత్తు గిన్నెలు తూకానికి అమ్ముతారు. ఉత్తరాంధ్రలో మనం సిల్వర్ గిన్నెలనేవి ఇవే. కొనేవాళ్లు గిన్నెను వేలితో కొట్టి మోత వింటారు, అంచు తడిమి మందం చూస్తారు, ఆ తర్వాతే బేరం. ఇంటికెళ్లాక అందులో కాగేది చోడి అంబలి. ఆ అల్యూమినియానికి మూలమైన మట్టి ఒడిశాలోని ఈ కోరాపుట్ జిల్లాలోనే పాంచ్‌పట్‌మాలి కొండ నెత్తి మీద ఉంది. దాన్ని తవ్వి తెల్లపొడి చెయ్యడానికి ఫ్రాన్స్ పరిజ్ఞానం, దేశాల అవతలి బ్యాంకుల డాలర్లు కావలసి వచ్చాయి.

పెద్ద పెట్టుబడి లమ్తపుట్ వైపు రావడం అంతకుముందే జరిగింది. మత్స్యగెడ్డ నీళ్లను జోలాపుట్ దగ్గర ఆపి, డుడుమ జలపాతం దిగువన ఒనకఢిల్లీలో కరెంటు తీయడం 1955లో మొదలైంది. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కట్టుకున్న మాచ్‌ఖండ్ అది. వెలుగు విశాఖ దాకా వెళ్లింది. పొలాలు మునిగిన గదబలు, పరజాలు మెరకకు జరిగారు. ఈ ప్రాంతంలో ఏ ప్రాజెక్టు గురించి మాట్లాడినా ఈ సంగతి దగ్గరే మొదలుపెట్టాలి.

పాంచ్‌పట్‌మాలి మట్టిని శుద్ధి చేసే దామన్‌జోడి కథ 1981 జనవరి 7న, ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో పుట్టిన రోజున మొదలవుతుంది. సాంకేతికత అల్యూమినియం పెషినీ అనే ఫ్రెంచి కంపెనీది. గని, శుద్ధి కర్మాగారం, అంగుల్‌లో స్మెల్టర్, విద్యుత్ కేంద్రం అన్నీ కలిపి 2,408 కోట్ల రూపాయల పని. అందులో 98 కోట్ల డాలర్లు అంతర్జాతీయ బ్యాంకుల కూటమి ఇచ్చిన యూరోడాలర్ అప్పు. అమెరికా బయటి బ్యాంకుల్లో డిపాజిట్లుగా ఉన్న డాలర్లకు ఆ పేరు. అప్పట్లో డాలరు తొమ్మిది రూపాయల దగ్గరుండేది. 1991 జులైలో రూపాయి విలువ తగ్గించాక పాతిక దాటింది. రూపాయల్లో సంపాదించి డాలర్లలో బాకీ తీర్చేవాళ్ల నడుం విరిగే మార్పు అది. ఈ కర్మాగారానికి మాత్రం డాలర్లు తెచ్చే దారి ఒకటి చేతిలో ఉంది. అది మన విశాఖ రేవు.

1985లో గని, 1986లో శుద్ధి కర్మాగారం మొదలయ్యాయి. కొండ మీద తవ్విన బాక్సైట్ అనే ఎర్రమట్టిని 14.6 కిలోమీటర్ల బెల్టు కన్వేయర్ లోయలు దాటించి కిందికి తెస్తుంది. మట్టిని నూరి వేడి కాస్టిక్ సోడాలో ఉడికిస్తే అల్యూమినా కరిగి ద్రావణంలోకి దిగుతుంది. ఇనుము కరగదు, ఎర్రబురదగా మిగిలిపోతుంది. బురద తీసేసిన ద్రావణాన్ని చల్లార్చి, కాసిని పాత స్ఫటికాలను విత్తనంగా వేస్తారు. పాకంలో దారం వేస్తే పటికబెల్లం పలుకులు కట్టినట్టు, ఆ విత్తనాల చుట్టూ కొత్త పలుకులు కడతాయి. వాటిని వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలిస్తే, దంచిన పంచదారలాంటి తెల్లపొడి మిగులుతుంది. 1888లో కార్ల్ బేయర్ పేటెంటు పొందిన పద్ధతి ఇది. ఇక్కడి బాక్సైట్‌కి ఎక్కువ పీడనం అక్కర్లేదు, మామూలు వాతావరణ పీడనంలోనే ఉడుకుతుంది. అందుకే ఖర్చు తగ్గింది. అప్పు తీర్చగల సత్తాలో సగం కొండ గుణమేనని నా నమ్మకం.

ఆ పొడి రైలెక్కి విశాఖ ఇన్నర్ హార్బర్‌కి వస్తుంది. ఒక్కొక్కటి 25 వేల టన్నులు పట్టే మూడు సైలోలు అక్కడున్నాయి. పొడిని పంపే రేవులోనే విదేశాల నుంచి కాస్టిక్ సోడా దిగుతుంది.

ఈ లెక్కలో కర్మాగారానికి చోటిచ్చిన మనుషులూ ఉన్నారు. దామన్‌జోడి కోసం సుమారు 600 కుటుంబాలు ఊళ్లు వదిలాయి. చాలామందిని అమలాబాడి కాలనీలో స్థిరపరిచారు. ఇంటికో ఉద్యోగం దొరికిన చోట బతుకు కుదురుకుంది. మాచ్‌ఖండ్ నాటికంటే ఇది మెరుగే. కానీ ఉద్యోగం ఒక తరానిది, కొండవాలు పొలం తరతరాలది. ఆ తేడాను ఏ ప్రాజెక్టు నివేదికా రూపాయల్లో కట్టినట్టు నేను చూడలేదు.

తర్వాత వచ్చిన కంపెనీలకు దారి అంత సులువు కాలేదు. రాయగడ జిల్లా కాశీపూర్‌లో ఉత్కళ్ అల్యూమినాను తలపెట్టిన భాగస్వాముల్లో నార్వే హైడ్రో, కెనడా అల్కాన్ కూడా ఉన్నాయి. 2000 డిసెంబర్ 16న మైకంచ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసులు బలయ్యారు. ఆ మరుసటేడే హైడ్రో తప్పుకుంది, 2007లో అల్కాన్ తప్పుకుంది. చివరికి హిండాల్కో ఒక్కటే నిలిచి 2013 నాటికి ఉత్పత్తి మొదలుపెట్టింది.

సరిగ్గా అదే ఏడాది నియమ్‌గిరి మీద 12 గ్రామసభలు జరిగాయి. రాయగడలో ఏడు, కలహండిలో ఐదు. లాంజిగఢ్‌లో వేదాంత శుద్ధి కర్మాగారం కట్టేసి ఉంది, దానికి పక్కనున్న కొండ కావాలి. పన్నెండు సభలూ ఇవ్వబోమన్నాయి. అప్పటికే నార్వే ప్రభుత్వ పింఛను నిధి 2007లో, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 2010లో ఆ కంపెనీ వాటాలు వదులుకున్నాయి. ఆ కొండ మీద బతికే డొంగరియా కోందుల మాట ఓస్లో, లండన్ దాకా వెళ్లిందంటే నాకిప్పటికీ గుండె ఉప్పొంగుతుంది.

ఇటు మన వైపు మాకవరపాలెంలో రస్ అల్ ఖైమా పెట్టుబడితో ఆన్‌రాక్ కర్మాగారం లేచింది. చింతపల్లి ఏజెన్సీలోని జెర్రెల బాక్సైట్ వస్తుందన్న ఒప్పందం మీద కట్టారు. షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. ప్రభుత్వ సంస్థ తవ్వి ఇస్తుందన్న ఏర్పాటునూ ఏజెన్సీ జనం ఒప్పుకోలేదు. 2019లో తవ్వకాల అనుమతులు రద్దయ్యాయి. అంతకుముందే గల్ఫ్ పెట్టుబడిదారులు భారత ప్రభుత్వం మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లారు. జెర్రెల కొండ మీద ఎర్రమట్టి ఉన్నచోటే ఉంది. దాని వాలులో కాఫీ తోటలు, మిరియాల పాదులు కాపుకొస్తున్నాయి.