సాక్షియా? కక్షిదారుడా?

దొంగను గూర్చి వ్రాయుట సులభము. దొంగతన మెట్టిదో లోకమునకే తెలియని కాలమున దానిని గూర్చి వ్రాయుట కష్టము. అమెరికా పాత్రికేయుడు జాన్ మార్కాఫ్ అట్టి కాలముననే కలము పట్టెను. 1949లో జన్మించిన యీతడు కంప్యూటరు పత్రికలలోను, శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్‌లోను పని నేర్చి, 1988లో న్యూయార్క్ టైమ్స్‌లో చేరెను.

ఆ యేడే నవంబరు 2వ తేది రాత్రి, ఇంటర్నెట్టుతో ముడిపడిన వేలకొలది కంప్యూటరులు మందగించి నిలిచిపోయెను. ఒక చిన్న ప్రోగ్రాము తన ప్రతులను తానే కల్పించుకొనుచు, యంత్రమునుండి యంత్రమునకు ప్రాకుచుండెను. అందుచేతనే దానిని 'పురుగు' అనిరి. అది దస్త్రములను చెరుపలేదు; తన సంతతి భారముతోనే యంత్రములను క్రుంగదీసెను.

దాని కర్త యెవడు? పత్రికకు ఫోను చేసిన మిత్రుడొకడు పేరు దాచుచునే, మాటల నడుమ మూడు పొడి అక్షరములు జారవిడిచెను: ఆర్, టి, ఎమ్. ఖాతా పేరు నిచ్చినచో యజమాని వివరములు తెలుపు సౌకర్యము ఆనాటి కంప్యూటరులలో నుండెడిది. మార్కాఫ్ దానితో వెదకగా, కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ పేరు బయటపడెను. ఆతని తండ్రి అమెరికా జాతీయ భద్రతా సంస్థలో కంప్యూటరు భద్రతా నిపుణుడు! నవంబరు 5న ఈ వార్త లోకమునకు తెలిసెను. 1990లో న్యాయస్థానము మోరిస్‌ను జైలుకు పంపక, మూడేండ్ల పర్యవేక్షణ, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించెను.

ఇంతవరకు విలేఖరి సాక్షి మాత్రమే. తరువాతి కథ వేరు.

పరారీలోనున్న హాకరు కెవిన్ మిట్నిక్‌ను గూర్చి 1994 జూలై 4న మార్కాఫ్ వ్రాసిన కథనము మొదటి పుట కెక్కెను. తన కంప్యూటరులో చొరబడిన వానిని వెదకుచు శాస్త్రజ్ఞుడు సుటోము షిమొమురా 1995 ఫిబ్రవరిలో ఉత్తర కరోలినాలోని రాలీ నగరము చేరెను. మార్కాఫ్ కూడ అచటికి వెళ్లెను. మిట్నిక్ పట్టుబడెను. మరుసటి యేడు మార్కాఫ్, షిమొమురా లిరువురు కలిసి ఆ వేటనే 'టేక్‌డౌన్' అను గ్రంథముగా వెలువరించిరి.

విమర్శ యిచటనే పుట్టినది. వేటగాని చెంత నిలిచినవాడు వేటను నిష్పక్షముగా వర్ణింపగలడా? తాను చేయని పనులను గూడ తనకు అంటగట్టిరని మిట్నిక్ వాదించెను. 2000లో విడుదలయై, భద్రతా సలహాదారుగా జీవించి, ఆతడు 2023లో మరణించెను. మార్కాఫ్ 2013లో పులిట్జర్ బహుమతి పొందిన బృందములో నొకడై, 2016లో ఆ పత్రికనుండి విరమించెను.

మూడక్షరముల ఆధారమును పరిశీలించి సత్యము చేరుట విలేఖరి నేర్పు. కాని సాక్షి ఒక కక్షివైపున కూర్చున్నచో, ఆతడు సత్యమే పలికినను వినువాని మదిలో సందేహము మిగులును. కావున విద్యార్థులారా, ఏ వార్త చదివినను 'ఏమి జరిగెను?' అని మాత్రమే అడిగి ఊరకుండకుడు. చెప్పువాడు ఎచట నిలిచి చూచెనో అదియు నడుగుడు.