ఎర్ర అంకెల రోజుల్లో బెంగళూరు

మార్కెట్ పడితే బెంగళూరుకు రెండు వైపులా గుబులే. ఇక్కడ చాలామందికి జీతం, కంపెనీ ఇచ్చిన షేర్లు, దాచుకున్న డబ్బు అన్నీ ఐటీ చుట్టూనే తిరుగుతాయి. ఇన్ఫోసిస్ షేరు 2024 డిసెంబరులో రెండు వేలు దాటి, 2025 ఏప్రిల్‌లో 1,400 దరిదాపులకు దిగింది. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉండే మన తెలుగు టెకీ దగ్గర ఆ షేరు ఒక్కటీ లేకపోయినా కలవరం తప్పదు. అమెరికా క్లయింటు ఖర్చు బిగిస్తే షేరూ పడుతుంది, ఇంక్రిమెంటూ ఆగుతుంది.

నిఫ్టీ 2024 సెప్టెంబరు చివర్లో 26,277ను తాకి, అక్కడి నుంచి జారింది. ఫిబ్రవరి దాకా వరుసగా ఐదు నెలలు నష్టాలే. 1996 తర్వాత ఇన్ని నెలలు వరుసగా నష్టపోవడం ఇదే మొదటిసారి. ఆ ఫిబ్రవరి చివర్లో బ్రోకరేజి సంస్థ జెరోధా అధినేత నితిన్ కామత్, పదిహేనేళ్లలో తొలిసారి తమ వ్యాపారం తగ్గుతోందని చెప్పారు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కొత్త నిబంధనల ప్రభావం కొంత ఉన్నా, జనం ట్రేడింగ్ తగ్గించారన్నది స్పష్టం.

2020 మార్చిలో నాలుగు కోట్ల పైచిలుకు ఉన్న డీమ్యాట్ ఖాతాలు 2024 చివరికి 18 కోట్లు దాటాయి. ఈ కొత్తవాళ్లకు తెలిసిన పతనాలన్నీ చప్పున కోలుకున్నవే. 2020 మార్చి 23న సెన్సెక్స్ 3,935 పాయింట్లు కూలినా, నవంబరుకల్లా పాత శిఖరాన్ని దాటింది. 2024 జూన్ 4న, ఎన్నికల లెక్కింపు రోజు, 4,390 పాయింట్లు పడి మూడు రోజుల్లోనే తేరుకుంది. దాంతో ‘పడితే కొను’ అన్న పాఠం ఒంటబట్టింది. నెలల తరబడి మెల్లగా కుంగే మార్కెట్లో ఆ పాఠం పనిచేయలేదు. ఒకే స్మాల్‌క్యాప్ షేరును నెలనెలా ఇంకా కొని యావరేజ్ చేసినవాళ్ల చేతిలో డబ్బు అయిపోయింది, పతనం మాత్రం ఆగలేదు.

ఇక్కడే తరచూ వినిపించే మాట: ‘కొన్న రేటొస్తే అమ్మేస్తా.’ అంటే లాభంలో ఉన్నదాన్ని అమ్మేసి, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకుని కూర్చోవడం. వంద రూపాయలు వచ్చిన సంతోషం కంటే వంద పోయిన బాధే పెద్దదని మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చూపారు. కొన్న రేటు మనకు గుర్తుంటుంది, కంపెనీకి దాంతో పని లేదు. సూచీ కోలుకుందని ప్రతి షేరూ కోలుకోదు. 2009 జనవరి 7న హైదరాబాదు ఐటీ కంపెనీ సత్యం షేరు ఒక్కరోజులో 179 రూపాయల నుంచి నలభై లోపుకు పడటం తెలుగు ఇళ్లు మరిచిపోలేదు.

అంతకంటే ప్రమాదం, పోయినదాన్ని ఆప్షన్లలో రాబట్టుకోవాలనుకోవడం. ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ)లో 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ తేల్చింది. వాళ్లంతా కలిసి పోగొట్టుకున్నది 1.8 లక్షల కోట్ల పైనే. పర్సనల్ లోన్ తీసి ఎక్స్‌పైరీ రోజున పందెం కాయడాన్ని ధైర్యమని ఎవరూ పొగడకూడదు.

నెలనెలా మ్యూచువల్ ఫండులో కట్టే సిప్‌ను ఆపేవాళ్లను పిరికివాళ్లనడమూ నాకు నచ్చదు. ఉద్యోగం ఊగుతున్నప్పుడు ఆరు నెలల అద్దె, ఈఎంఐ బ్యాంకులో పెట్టుకోవడమే ముందు పని. కంపెనీ షేర్లు చేతికొచ్చినప్పుడల్లా కొన్ని అమ్మి, ఐటీతో సంబంధం లేనిచోట పెట్టడం ఇంకా మంచిది. ఊరి నుంచి నాన్న ఫోను చేసి ‘అవన్నీ తీసేసి స్థలం కొనుక్కోరా’ అంటాడు. స్థలం రేటు రోజూ ఫోనులో కనిపించదు కాబట్టే పదేళ్లు నిశ్చింతగా ఉంచుకోగలుగుతాం. అదే మనం ఫండును పది రోజులు చూడకుండా ఉండలేం.

సిప్‌ల లెక్కకొస్తే, 2025 ఫిబ్రవరిలో కొత్తవి సుమారు 44.5 లక్షలు, ఆగినవీ గడువు తీరినవీ 54.7 లక్షలు. ఏప్రిల్ 7న ట్రంప్ సుంకాల దెబ్బకు సెన్సెక్స్ 2,226 పాయింట్లు పడింది. అయినా ఆ ఏప్రిల్‌లో సిప్‌ల ద్వారా 26,632 కోట్లు వచ్చాయి. అప్పటికి ఏ నెలలోనూ అంత రాలేదు.