గార తీసే మిషన్ గురించి కొన్ని మాటలు

పళ్ళు క్లీనింగ్ చేయిస్తే గట్టిగా ఉన్నవి కూడా కదులుతాయని మన సోలాపూర్ పూర్వభాగంలో చాలా ఇళ్ళల్లో గట్టి నమ్మకం. సాఖర్ పేటలో అడగండి, అశోక్ చౌక్‌లో అడగండి, నీలం నగర్‌లో బీడీలు చుట్టే అక్కల్ని అడగండి. "ఆ మిషన్ పెట్టిచ్చుకున్నంకనే మా వదిన పండ్లు ఊడినయ్" అంటారు. పదిహేడేళ్ళుగా ఈ మాట వింటున్నాను, ఎందుకంటే ఆ మిషన్లు బాగుచేయడమే నా పని. మా నాన్న మిల్లులో ఫిట్టర్. మిల్లు మూతపడ్డాక సాంచాల కారఖానాల్లో రిపేర్లు చేసుకుంటూ మమ్మల్ని పెంచాడు. నేను పళ్ళ డాక్టర్ల కుర్చీలు, కంప్రెసర్లు, గార తీసే మిషన్లు బాగుచేసుకుంటూ బార్షీ, పండరిపురం, అక్కల్‌కోట్ దాకా తిరుగుతాను. నేను డాక్టర్ని కాను, వైద్యం చెప్పను. మిషన్ సంగతి మాత్రం చెప్పగలను. మనలో సగంమంది మిషన్ల మధ్య బతికినవాళ్ళే కాబట్టి మీకు తొందరగానే అర్థమవుతుంది.

ముందు గార అంటే ఏమిటో చూద్దాం. పళ్ళ మీద ఎప్పుడూ జిగురులాంటి పలచని పొర చేరుతూ ఉంటుంది. అదంతా క్రిముల గూడు. సరిగ్గా తోమకపోతే ఉమ్మిలో ఉండే కాల్షియం, ఫాస్ఫేట్ ఆ పొరలో చేరి, రెండు మూడు రోజుల్లోనే అది గట్టిపడడం మొదలవుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుందే, అలాంటిదే. కింది ముందరి పళ్ళకు నాలుక వైపు, పై దవడ పళ్ళకు బుగ్గ వైపు గార ఎక్కువ. ఉమ్మి ఊరే నాళాలు తెరుచుకునేది అక్కడే మరి. ఒకసారి గట్టిపడ్డాక ఏ బ్రష్షుకూ, ఏ పొడికీ అది రాదు. దాని మీద మళ్ళీ క్రిములు, చిగురు వాపు, నెత్తురు. చాలామందిలో ఆ తర్వాత పన్నును పట్టుకున్న ఎముక మెల్లగా కరుగుతుంది.

పళ్ళు కదిలేది ఆ ఎముక కరిగినందువల్ల. కానీ గార సిమెంటు పోసినట్టు నాలుగు పళ్ళను కలిపి పట్టి ఉంచుతుంది, కదలిక తెలియనివ్వదు. గార తీసేసరికి కదలిక బయటపడుతుంది, పళ్ళ మధ్య సందులు కనిపిస్తాయి, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది. పాపం మిషన్ మీద పడుతుంది.

మా మేనత్తకు ఇదంతా చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆవిడ నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. పొద్దున లేచి మిశ్రీ వేలితో పళ్ళకు రుద్దుకోనిదే చాయ్ ముట్టదు. మిశ్రీ అంటే కాల్చిన పొగాకు పొడే కదా. "అల్లుడా, మిశ్రీతోనే నా పండ్లు ఇన్ని దినాలు ఆగినయ్, లేకుంటే ఎప్పుడో రాలుతుండె" అనేది. "అత్తా, జర నోరు తెరువు" అని టార్చి వేసి చూస్తే కింది ముందు పళ్ళు లోపలి వైపు ఒకటే నల్లటి గోడ. పొగాకుతో ఇంకో తంటా ఉందని డాక్టర్లు చెబుతారు. సిగరెట్, బీడీ తాగేవాళ్ళ చిగుళ్ళు అంత సులువుగా నెత్తురు కారవు. లోపల జబ్బు ముదురుతున్నా పైకి బాగానే ఉన్నట్టుంటుంది. గుట్కా సంగతి చెప్పేదేముంది, మహారాష్ట్రలో 2012లోనే బంద్ అయింది, కాగితం మీద.

ఇక మిషన్ దగ్గరికి వద్దాం. అది పన్నును గీకదు, అరగదీయదు. చివర ఉన్న సన్నటి స్టీలు కొక్కెం, దాన్నే టిప్ అంటాం, సెకనుకు సుమారు 25 వేల నుంచి 30 వేల సార్లు కదులుతుంది. కదిలేది వెంట్రుక మందమంత లోపే. మన చెవికి అందే శబ్దం సెకనుకు 20 వేల కదలికల వరకే, దానికి పైన అల్ట్రాసోనిక్ అంటారు. మీకు కుర్చీలో వినిపించే కీచు శబ్దం పన్ను కోస్తున్నది కాదు. ఈ కదలికకు గార పగిలి పెచ్చులుగా ఊడుతుంది. పళ్ళ గార తీయడానికి ఈ పద్ధతిని 1955 ప్రాంతంలో అమెరికాలో మొదలుపెట్టారు. అంతకుముందు అంతా చేతి పనిముట్లే. ఇప్పుడు కూడా చిగురు లోపల మిగిలిన సన్న గారను మంచి డాక్టర్లు చేత్తోనే తీస్తారు.

ఈ మిషన్లు రెండు రకాలు. ఒక దాంట్లో నికెల్ రేకుల కట్ట ఉంటుంది. చుట్టూ ఉన్న తీగచుట్టలో కరెంటు మారుతుంటే ఆ రేకులు సాగుతూ ముడుచుకుంటూ ఉంటాయి, టిప్ కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. ఇంకోదాంట్లో పింగాణీలాంటి బిళ్ళలుంటాయి. వాటికి కరెంటు ఇస్తే సన్నగా కదులుతాయి. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు, ఇది దానికి తిరగేసిన లెక్క. దీన్ని పీజో అంటాం. నేను తిరిగే ఊళ్ళల్లో కనిపించేవి చాలావరకు ఇవే, ఎక్కువ చైనావి. చైనాది అనగానే మూతి విరుస్తారు గానీ, సరిగ్గా చూసుకుంటే అవి ఏళ్ళ తరబడి పనిచేస్తాయి. పాడయ్యేది చూసుకోనప్పుడే.

పీజో టిప్ ముందుకూ వెనక్కూ గీత గీసినట్టు కదులుతుంది. కాబట్టి దాని పక్కభాగాన్ని పన్నుకు ఆనించాలి. మొన నిలువుగా పెట్టి పొడిస్తే పన్ను మీద గాటు పడుతుంది. గట్టిగా నొక్కకూడదు, ఒకేచోట ఆపకూడదు. నొక్కితే కదలిక చచ్చిపోయి గార కూడా రాదు. పని తెలిసిన డాక్టరు చెయ్యి పెన్సిలుతో సున్నితంగా రంగు వేస్తున్నట్టు ఉంటుంది.

నాకు ఎక్కువ గొడవ టిప్‌తోనే. పికర్ అరిగిన సాంచా ఎలా నడుస్తుందో మీకు తెలుసు. షటిల్ సరిగ్గా పోదు, దారం తెగుతుంది, తిట్లు నేసేవాడికి. టిప్ కూడా అంతే. వాడేకొద్దీ కొస అరిగి పొట్టిదవుతుంది. ఒక మిల్లీమీటరు అరిగితే పావువంతు పని పోయినట్టు, రెండు మిల్లీమీటర్లు అరిగితే సగం పోయినట్టు లెక్క, అప్పుడిక పారేయాలి. కంపెనీలు దీనికోసం ఒక కార్డు ఇస్తాయి. దాని మీద టిప్ బొమ్మ, గీతలు ఉంటాయి. టిప్‌ను బొమ్మ మీద పెడితే ఎర్రగీత దాకా అరిగిందో లేదో క్షణంలో తెలుస్తుంది. ఆ కార్డు బయట కనిపించే క్లినిక్కులు నాకు చాలా తక్కువ తగిలాయి. డ్రాయర్ అడుగున కవరు కూడా విప్పకుండా దొరుకుతుంది. అరిగిన టిప్‌తో గార రాకపోతే డాక్టర్ పవర్ పెంచుతాడు, ఇంకొంచెం నొక్కుతాడు. పేషంటుకు నొప్పి, పన్నుకు వేడి. బయటికి వచ్చి ఆవిడ పదిమందికి చెబుతుంది, "వద్దమ్మా, పాణం పోయింది" అని. ఇట్లాంటి నొప్పిలో కొంత మన భయానిది, కొంత అరిగిన టిప్‌ది.

టిప్ బిగించడానికి ఒక తాళంచెవిలాంటి రెంచి వస్తుంది. కావలసినంత బిగియగానే అది టక్కుమని జారుతుంది, అంతకు మించి బిగియదు. అది పోతే కటింగ్ ప్లయర్‌తో తిప్పేవాళ్ళున్నారు. హ్యాండ్‌పీస్ మరలు తెగిపోయాక నన్ను పిలుస్తారు. ఒక క్లినిక్కులో వంగిన టిప్‌ను మళ్ళీ ప్లయర్‌తోనే నిటారు చేసి వాడుతున్నారు. అలా సరిచేసింది నోట్లోనే విరగవచ్చు. వందల్లో వచ్చే డూప్లికేట్ టిప్ కొని, వేలల్లో హ్యాండ్‌పీస్ పాడుచేసుకున్నవాళ్ళనూ చూశాను.

తర్వాత నీళ్ళు. అంత వేగంగా కదిలే లోహానికి వేడి పుడుతుంది. స్పిన్నింగ్ ఖాతాలో గాలికి తేమ లేకపోతే దారం తెగుతుందని నాన్న చెప్పేవాడు. ఇక్కడ నీళ్ళు లేకపోతే వేడికి పన్ను లోపలి నరం దెబ్బతింటుంది. టిప్ కొసన సన్నటి తుంపర ఎప్పుడూ కనిపించాలి. నీళ్ళు ఆగిపోయి టిప్ వేడిగా తగిలిందంటే వెంటనే చెయ్యి ఎత్తండి. డాక్టరు చెడ్డగా అనుకోడు. అనుకుంటే అనుకోనీ.

మన ఊళ్ళో నల్లా నాలుగైదు రోజులకొకసారి. ఆ నీళ్ళు ట్యాంకులో నిలవ ఉంటాయి, పైగా ఉప్పునీళ్ళ బోరు కలుస్తుంది. ఆ నీళ్ళే మిషన్‌కు పెడితే టిప్ రంధ్రంలో, లోపలి వాల్వులో అదే తెల్లగార పడుతుంది. గార తీసే మిషన్‌కే గార! అందుకే డిస్టిల్డ్ వాటర్ సీసా పెట్టుకోమంటాను. ఇంకోటి, ఆ గొట్టాలు పుల్లంత సన్నం. రాత్రంతా నీళ్ళు కదలకుండా ఉంటే గొట్టం లోపల పాకుడు పడుతుంది, దాంట్లో క్రిములు పెరుగుతాయి. పొద్దున పని మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు, ఒక్కో పేషంటు తర్వాత ఇరవై ముప్ఫై సెకన్లు ఊరికే నీళ్ళు వదలాలి. రాత్రి సీసా ఖాళీ చేసి ఆరబెట్టాలి. వారానికోసారో, కంపెనీ చెప్పినట్టో మందు వేసి గొట్టాలు కడగాలి. ఇదేదో అతి శుభ్రం కాదు. 2011లో ఇటలీలో 82 ఏళ్ళ ఆవిడ ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోతే, ఆ క్రిమి ఆవిడ వెళ్ళిన పళ్ళ డాక్టరు దగ్గర నీళ్ళ గొట్టాల్లో దొరికింది. మరుసటి ఏడాది లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ సంగతి రాశారు.

2020లో కరోనా వచ్చినప్పుడు తుంపర ఎగురుతుందని ఈ మిషన్లన్నీ పక్కన పెట్టేశారు. నెలల తర్వాత తెరిచినప్పుడు నాకు రోజుకు ఐదారు ఫోన్లు. గొట్టం కోసి చూస్తే లోపల పచ్చగా జారుడు. నీళ్ళు కారకుండా ఉండే చిన్న రబ్బరు రింగులు ఎండి పగిలాయి. అవి మార్చడం అరగంట పని. గొట్టాలన్నీ మార్చమంటే మాత్రం కొందరు బేరం ఆడారు.

అన్నిటికన్నా ముఖ్యమైంది టిప్ శుభ్రం. అది చిగురు లోపలికి పోతుంది, నెత్తురు తగులుతుంది. కామెర్లలో బి రకం, సి రకం నెత్తురు ద్వారా అంటుకుంటాయి. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు. ముందు కడగాలి, తర్వాత ఆటోక్లేవ్‌లో పెట్టాలి. ఆటోక్లేవ్ అంటే మన ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న. 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలు, లేకపోతే 134 డిగ్రీల్లో 3 నిమిషాలు. ఆ లెక్క వేడి ఎక్కిన దగ్గర్నుంచి, స్విచ్చి వేసిన దగ్గర్నుంచి కాదు. టిప్‌ను ఒక కాగితం సంచిలో పెట్టి సీలు వేస్తారు. సంచి మీద ఉన్న గుర్తు ఆవిరి తగిలితే రంగు మారుతుంది. ఊడదీసే రకం హ్యాండ్‌పీస్‌నూ అలాగే చేయాలి. రోజుకు ఇరవై మందిని చూసే చోట రెండే టిప్పులుంటే అది కుదిరే పని కాదని మీరే లెక్క వేసుకోవచ్చు. నేను వెళ్ళిన ఒక ఉచిత క్యాంపులో ఒకే టిప్‌ను గ్లాసులో ముంచి ముంచి మధ్యాహ్నం దాకా నడిపారు. నేను నోరు విప్పితే "ఫుకట్‌ల చేస్తున్నం కదా" అన్నారు. ఫుకట్ అయినా నెత్తురు నెత్తురే.

కాబట్టి కుర్చీలో కూర్చున్నాక "సంచి నా ముందర విప్పండి డాక్టర్‌గారూ" అని అడగండి. మరాఠీలో అడిగినా, తెలుగులో అడిగినా మంచి డాక్టరు సంతోషంగా చూపిస్తాడు. నాకు తెలిసిన ఒక డాక్టరమ్మ అడగకముందే చూపిస్తుంది. ఆవిడ దగ్గరికే మా అత్తను తీసుకుపోయాను. రెండుసార్లుగా తీశారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని "నాలిక ఆనితే నున్నగ తగుల్తున్నది" అంది, నాలుగు రోజులు జివ్వుమంటున్నదని నన్ను తిట్టింది. ఒక పన్ను కదులుతున్నది, అది ముందునుంచీ కదిలేదే.

మీరు కూడా డాక్టరుకు కొన్ని సంగతులు ముందే చెప్పాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే తప్పకుండా చెప్పండి, నికెల్ రేకుల మిషన్‌తో ముఖ్యంగా జాగ్రత్త కావాలి. గుండె వాల్వు మార్చినవాళ్ళు, నెత్తురు పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు చెప్పాలి. మిల్లుల్లో పత్తి దుమ్ము మింగి దమ్ము తెచ్చుకున్న పెద్దలు మనలో చాలామంది. తుంపర లోపలికి పోతే వాళ్ళకు ఇబ్బంది, కాబట్టి చేత్తో తీయమని అడగవచ్చు. టీబీకి మందు వాడుతున్నవాళ్ళైతే మిషన్ తుంపరతో పక్కవాళ్ళకు అంటవచ్చు. మందు మొదలై ఎన్నాళ్ళయిందో చెప్పి, డాక్టరు చెప్పినట్టు ఆగడం మంచిది.

ఆ పక్కవాళ్ళలో ముందుండేది ఎవరో తెలుసా? పేషంటు నోటికి గొట్టం పట్టుకుని నిలబడే అసిస్టెంటు. ఈ ఊళ్ళో చాలా క్లినిక్కుల్లో ఆ పని చేసేది పన్నెండో తరగతి అయిపోయిన మన పూర్వభాగం ఆడపిల్లలే. టిప్పులు కడిగేది వాళ్ళే, సంచిలో పెట్టేది వాళ్ళే, మొన గుచ్చుకునేది వాళ్ళకే. కడిగేటప్పుడు పలచటి గ్లోవ్సు చాలవు, మందపాటివి కావాలి. ముఖానికి మాస్కు, కళ్ళకు అద్దాలు కావాలి. కామెర్ల బి టీకా మొదటి రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెల ఒకటి, మొత్తం మూడు సూదులు. మీ బిడ్డను పనికి పంపే ముందు ఆ మూడూ ఎవరు వేయిస్తారో క్లినిక్కు వాళ్ళను అడగండి. మొదటి సూది పడ్డాకే టిప్పులు కడిగే పని ఒప్పుకోమనండి.