రంగుల పాళ్లు కట్టు రెండు పద్ధతుల పొత్తు

మా సంఘమునకు ఈ మధ్య ఒక వర్తకుడు వచ్చి, కోరిన ఛాయకు రంగుల పాళ్లు తనంతట చెప్పు కంప్యూటరు లెక్క తన వద్ద కలదనియు, అందు "పరిణామము, వాలు" అను రెండు పద్ధతులు జోడింపబడినవనియు చెప్పి పెద్ద ధర అడిగినాడు. సభ్యుల సొమ్ముతో కొనవలసినది గనుక, అది యేమో తెలిసికొని వ్రాయుచున్నాము.

వాలు పద్ధతి అద్దకము తెలిసిన వారందరికి పరిచయమే. నమూనాకు, మన చిలపకు గల తేడాను ఒక అంకెగా కొలిచి, ఏ రంగు కొంచెము మార్చిన ఆ అంకె తగ్గునో చూచి అటే పోవుట. ఫ్రాన్సు గణితజ్ఞుడు కోషీ 1847లోనే దీనిని వ్రాసినాడు. పని త్వరగా సాగును. కాని కళ్లకు గంతలతో కొండ దిగువాని వలె మొదటి గుంటలోనే ఆగిపోవును. పక్కన లోతైన లోయ యున్నను తెలియదు. పైగా గ్రాముల లెక్కకు వాలు కలదు గాని, అసలు ఏ డబ్బా తీయవలెనను దానికి వాలు లేదు.

పరిణామ పద్ధతిలో అనేక మిశ్రమములను ఒకేమారు పోటీకి పెట్టి, మంచివానిని నిలిపి, కలిపి, కొంచెము మార్చి, పిల్ల మిశ్రమములను పుట్టింతురు. 1960ల దశాబ్దిలో బెర్లినులో రెఖెన్‌బెర్గ్, ష్వెఫెల్ అనువారు మార్పు, ఎంపికలతో నడచు ఇట్టి పద్ధతిని ఇంజనీరింగు పనులకు వాడిరి. ఇది గుంటలో చిక్కుట తక్కువ. కడపటి వెంట్రుకవాసి సర్దుబాటుకు మాత్రము మిక్కిలి ఆలస్యము.

పొత్తు ఇట్లు: పిల్ల పుట్టిన వెంటనే దానిని వాలు వెంట అడుగు దాక దింపి, అప్పుడు పోటీకి నిలుపుట. 1995లో అమెరికాలో డీవెన్, హో అనువారు 60 కర్బన పరమాణువుల బంతి ఆకారమును, చెల్లాచెదురు స్థానములతో మొదలిడి, ఇట్లే రాబట్టిరి. పరమాణువునకు మూడు చొప్పున 180 అంకెలు! రెండు గుంపులను కోసి ఒకదాని సగమును రెండవదాని సగముతో అతికిరి. మనము పడుగు అతికినట్లే యున్నది. అతుకు వద్ద సర్దు పని వాలుది.

మరి మనకు? అరలో 20 డబ్బాలున్నచో, మూడేసి చొప్పున ఎన్నుకొను విధములు 1140. ఒక్కొక్కదానికి వాలు లెక్క వరుసగా వేసినను కంప్యూటరునకు అది పెద్ద పని కాదు. ఇంత చిన్న లెక్కకు పరిణామము పేరు చెప్పి అధిక ధర అడుగుట మాకు నచ్చలేదు. ధర తగ్గించి రమ్మని పంపినాము. వచ్చినప్పుడు తేడాను ఏ వెలుతురులో కొలుతురని అడుగుదుము. దీపము క్రింద కలిసిన ఛాయ ఎండలో విడిపోయి, నిరుడు మా చీరలు కొన్ని తిరిగి వచ్చినవి.