తేనె అయితే ఫర్వాలేదా?

నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినం. ఆ వారం సంచికకు ముఖచిత్ర కథనం రాయమన్నారు ఎడిటర్. "పంచదార మానేసినవాళ్లు తేనె వాడొచ్చా? బెల్లం పాకం నయమా, ఖర్జూరం సిరప్ నయమా? తేల్చి రాయండి. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి" అని గడువూ పెట్టారు. మన ఇళ్లలో రోజూ వినపడే ప్రశ్నే ఇది. కాఫీలో పంచదార వద్దనే పెద్దాయన, పరగడుపున గోరువెచ్చని నీళ్లలో తేనె మాత్రం మానరు. "తేనె సహజం కదా, ఏమీ చేయదు" అంటారు. తేనె అంటే నాకూ ప్రాణమే. పాడేరు, అరకు కొండల నుంచి గిరిజన కార్పొరేషన్ అమ్మే తేనె మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. అయినా ఆ మాటను మాత్రం ఒప్పుకోలేను.

ఎందుకో చెప్పేది 1981 నాటి ఒక పట్టిక. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం తయారుచేసింది. ఆహారాలు, చక్కెరలు కలిపి 62 రకాలు. పరగడుపున ఉన్న ఐదుగురి నుంచి పదిమందికి ఒక్కో పదార్థం తినిపించి, ఆ తర్వాత రెండు గంటలపాటు రక్తంలో గ్లూకోజు ఎంత పెరిగిందో కొలిచారు. గ్లూకోజుకు 100 అనుకుని మిగతావాటికి అంకెలు వేశారు. ఈనాడు డబ్బాల మీద, సీసాల మీద కనిపించే 'జీఐ' (గ్లైసీమిక్ ఇండెక్స్) పుట్టింది అక్కడే. ఆ పట్టికలో పంచదారకు 59. తేనెకు 87!

తర్వాతి పరీక్షల్లో తేనె అంకె 32 దాకా దిగిన సందర్భాలూ ఉన్నాయి. సగటు 60 దరిదాపుల్లో ఉంటుంది, అంటే పంచదార సరసనే. తేనెటీగ ఏ పువ్వు మీద వాలిందన్నదాన్ని బట్టి తేనెలో ఫ్రక్టోజు, గ్లూకోజు పాళ్లు మారతాయి. ఫ్రక్టోజు ఎక్కువైతే జీఐ తగ్గుతుంది. మనం కొనే సీసాలో ఉన్నది ఏ పువ్వు తేనో మాత్రం లేబుల్ చూసి చెప్పలేం. అసలు అది తేనేనా అన్నది మరో చిక్కు. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షిస్తే, 10 బ్రాండ్లు కల్తీని పట్టే ఎన్ఎంఆర్ పరీక్షలో తప్పాయి. కల్తీకి వాడేది చక్కెర సిరప్‌లనే.

జెంకిన్స్ పట్టికలో అందరూ దాటేసే వివరాలు రెండున్నాయి. పరీక్షకు కూర్చున్నవాళ్లకు షుగర్ లేదు, అందరూ ఆరోగ్యవంతులు. పిండిపదార్థం 50 గ్రాములు వచ్చేలా తూచి ఇచ్చారు. ఇంట్లో మనం గ్రాముల్లో తూచం, చెంచాతో కొలుస్తాం. చిన్న చెంచాడు పంచదార సుమారు 4 గ్రాములు. అదే చెంచాడు తేనె 7 గ్రాములు తూగుతుంది, అందులో దాదాపు 6 గ్రాములు చక్కెరలే. పంచదారకు బదులు తేనె అనుకుని చెంచాకు చెంచా వేసుకుంటే, లోపలికి వెళ్లే చక్కెర ఒకటిన్నర రెట్లవుతుంది.

2009లో ఇరాన్ పరిశోధకులు టైప్-2 మధుమేహం ఉన్న 48 మందితో ఎనిమిది వారాల పరీక్ష జరిపారు. తేనె తీసుకున్నవాళ్ల బరువు తగ్గింది, కొలెస్టరాల్ మెరుగుపడింది. కానీ మూడు నెలల షుగర్ లెక్క చెప్పే హెచ్‌బీఏ1సీ పెరిగింది. తేనెలో మంచి లేదనను. షుగర్ విషయంలో మాత్రం దానికి మినహాయింపు లేదు.

మిగతావి త్వరగా చూద్దాం. అనకాపల్లి బెల్లమైనా తాటిబెల్లమైనా అందులో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారే. ఖర్జూరం సిరప్‌లో గ్లూకోజు, ఫ్రక్టోజు దాదాపు సమానం. అమెరికాలో మనవాళ్లు పాన్‌కేకుల మీద పోసుకునే మేపుల్ సిరప్ జీఐ 54, పంచదారకు కొద్దిగా కిందంతే. రైస్ సిరప్ గ్లూకోజుకు దగ్గర. అగేవ్ సిరప్ జీఐ 20 లోపే. అందులో ఉన్నది చాలావరకు ఫ్రక్టోజు కాబట్టి మీటర్ మీద అంకె అంతగా కదలదు. ఆ ఫ్రక్టోజు నేరుగా కాలేయానికి వెళ్తుంది. మోతాదు మించితే ట్రైగ్లిజరైడ్లు, కాలేయంలో కొవ్వు పెరుగుతాయి. 'లో జీఐ' అన్న ముద్ర ఈ సంగతి చెప్పదు.

చరిత్ర క్లుప్తంగా: ఇన్సులిన్ కూడా టొరంటోలోనే 1921లో దొరికింది. అంతకుముందు కడుపు మాడ్చడమే వైద్యం. 1994లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మొత్తం పిండిపదార్థాల లెక్కకు లోబడి పంచదారనూ తినొచ్చంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేనెనూ సిరప్‌లనూ పంచదారతో ఒకే గాటన కట్టి, రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలంది.

శ్రీరామనవమి నాడు పానకం తాగాలనిపిస్తే చిన్న గ్లాసుతో ఆపి, ఆ పూట అన్నం కాస్త తగ్గించుకోండి. రెండు గంటల తర్వాత వేలు గుచ్చి చూసుకోండి. మీ ఒంటి సంగతి మీ మీటరే చెప్పాలి, సీసా మీది ముద్ర కాదు.

బాక్స్: షుగర్ పడిపోతే

70 కంటే తగ్గి చెమటలు, వణుకు వస్తే తీపే మందు. 15 గ్రాముల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవాళ్లకు పంచదార, బెల్లం త్వరగా పనిచేయవు. సుక్రోజు విడిపోకుండా అడ్డుకోవడమే ఆ మాత్రల పని. అందుకే వాళ్ల జేబులో గ్లూకోజే ఉండాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో తేనె గానీ గ్లూకోజు నీళ్లు గానీ పోయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.