నీటి అడుగు ఛాయాచిత్రం ఆధారంగా సీ స్లగ్ జాతి నిర్ధారణ: అవకాశాలు, పరిమితులు

1. ఉపోద్ఘాతం

గుల్ల లేని, లేదా గుల్ల బాగా క్షీణించిన సముద్రపు నత్తలను సీ స్లగ్‌లు అంటారు. ఇవి మొలస్కా వర్గానికి చెందిన మృదుకాయ జీవులు. వీటిని ఛాయాచిత్రం చూసి తప్పుగా గుర్తిస్తే, ఒక జాతి తానెన్నడూ లేనిచోట ఉన్నట్లు నమోదవుతుంది. లేఖకదోషం ప్రతి నుంచి ప్రతికి సంక్రమించినట్లే ఆ తప్పు తరువాతి జాబితాలకు సంక్రమిస్తుంది. ఛాయాచిత్రం ఎంతవరకు ప్రమాణమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రూపం, రంగు

పరిశీలన దేహనిర్మాణంతో మొదలుకావాలి. తలపై ఉండే జంట రైనోఫోర్‌లు నీటిలోని వాసనలను గ్రహించే అంగాలు. వీపు వెనుకభాగాన పువ్వులా విచ్చుకున్న మొప్పల గుత్తి ఉంటే ఆ జీవి సాధారణంగా డోరిడ్ సమూహానికి చెందుతుంది. వీపుపై సెరాటా అనే వేళ్లవంటి పొడుగాటి భాగాలు వరుసలుగా ఉంటే ఇయోలిడ్ సమూహాన్ని పరిశీలించాలి.

రంగు అంత నమ్మదగిన ఆధారం కాదు. నీరు ఎరుపు కాంతిని ముందుగా గ్రహిస్తుంది కనుక ఫ్లాష్ లేని చిత్రంలో ఎర్రని జీవి నల్లగా కనిపించవచ్చు. క్రోమోడోరిస్ ప్రజాతిలో ఒకే జాతికి భిన్నమైన వర్ణరీతులు, భిన్న జాతులకు ఒకే వర్ణరీతి ఉండగలవని లేటన్, గోస్లినర్, విల్సన్ 2018లో జన్యు ఆధారాలతో చూపారు.

3. చిత్రానికి అందని లక్షణం

ఫిలిడియా వారికోసా, ఫిలిడియా సెలెస్టిస్ జాతుల వీపుపై పసుపుకొన గల బుడిపెలుంటాయి. మొదటిదాని పాదం అడుగున నల్లని గీత ఉంటుంది, రెండవదానికి ఉండదు. పైనుంచి తీసిన చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా ఈ గీతను చూపలేదు.

4. బాతిడేవియస్ ఉదాహరణ

2000 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతం వెలుపల, 2,614 మీటర్ల లోతున, దూరనియంత్రిత జలాంతర వాహనపు కెమెరాకు ఒక వింతజీవి చిక్కింది. దానికి పారదర్శకమైన పెద్ద ముసుగు, వేళ్లవంటి అంచులున్న తోక ఉన్నాయి. పరిశోధకులు దానిని ‘అంతుచిక్కని మొలస్క్’గా వ్యవహరించారు. 150కి పైగా దర్శనాలను సమీక్షించి, సేకరించిన నమూనాల శరీరనిర్మాణాన్ని, జన్యువులను పరీక్షించిన తరువాత 2024లో రాబిసన్, హాడాక్ దానికి బాతిడేవియస్ కాడాక్టిలస్ అని పేరుపెట్టారు. ముసుగు మెలిబే ప్రజాతిని తలపించినా, జన్యు ఆధారాలు దానిని వేరే కుటుంబంగా నిలిపాయి.

5. ముగింపు

ఛాయాచిత్రం తొలి ఊహకు ఆధారం. తుది నిర్ణయానికి చాలాసార్లు నమూనా అవసరం. కాబట్టి చిత్రంతో పాటు స్థలం, లోతు, తేదీ, పరిమాణం, జీవి ఏ స్పాంజిపైనో మరే ఆహారంపైనో ఉందో నమోదు చేయాలి. వీలైతే పక్కనుంచి కూడా చిత్రించాలి. జాతి తేలనిచోట ప్రజాతి పేరుతో ఆగడం శాస్త్రీయమైన నిజాయితీ.