నడిమి గడుల కోసం పోరు

చదరంగపు బల్ల మీద అరవై నాలుగు గడులున్నా సమరమంతా నడిమి నాలుగు గడుల చుట్టూనే సాగుతుంది. నడుమ నిలిచిన గుర్రానికి ఎనిమిది దారులుంటాయి. మూలకు చేరిన గుర్రానికి రెండే. అందువల్ల ఆట మొదలుకాగానే బంట్లను నడిపి ఆ చోటును ఆక్రమించాలని పూర్వపు ఆటగాళ్ళు బోధించారు. 1920ల నాటికి నిమ్జోవిచ్, రేటీ వంటివారు ఈ బోధను ప్రశ్నించారు. ఆస్ట్రియా దేశీయుడైన ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ ఆ ప్రశ్నకు ఒక రక్షణ వ్యూహంగా రూపమిచ్చాడు.

ఈ వ్యూహంలో నల్లపక్షం మూడవ ఎత్తులో మంత్రి ముందరి బంటును రెండు గడులు జరుపుతుంది. తెల్లబంటు దానిని చంపుతుంది. నల్లగుర్రం ఆ తెల్లబంటును చంపి నడుమకు వస్తుంది. తెల్లపక్షం వెంటనే రాజు ముందరి బంటును నడిపి గుర్రాన్ని తరుముతుంది. ఆ గుర్రం తెల్లగుర్రాన్ని చంపి తానూ చస్తుంది. అప్పటికి రెండు తెల్లబంట్లు నడుమ పక్కపక్కనే ఠీవిగా నిలిచి ఉంటాయి. అక్కడ నల్లబంటు ఒక్కటీ ఉండదు. చూసేవారికి నల్లపక్షం పని అయిపోయిందనే తోస్తుంది.

అయితే ఆ బంట్లను నిలపడం వేరు, నిలుపుకోవడం వేరు. రాజు వైపున్న నల్లశకటు ఐమూలగా చూస్తూ, మంత్రి ముందు నుంచి నడిచివచ్చిన తెల్లబంటుపై గురిపెడుతుంది. మంత్రి వైపు శకటు ముందరి నల్లబంటు పక్కనుంచి దానిని ఢీకొంటుంది. మిగిలిన గుర్రం మరొక దిక్కు నుంచి తాకుతుంది. రెండవ శకటు ఆ బంటును కాచే తెల్లగుర్రాన్ని కదలనీయదు. ఒక్క బంటుకు ఇంతమంది శత్రువులు! దాని కాపలాకే తెల్లపావులన్నీ కట్టుబడిపోతే, గెలుచుకున్న చోటే బరువవుతుంది. పైగా బంట్ల మార్పిడి జరిగాక, మంత్రి వైపు చివరన నల్లపక్షానికి రెండు బంట్లు, తెల్లపక్షానికి ఒకటే మిగులుతాయి. ఆట ముగింపులో ఆ తేడా విలువైనది.

1922లో వియన్నాలో గ్రున్‌ఫెల్డ్ ఈ పద్ధతిలోనే అలెఖీన్‌ను ఓడించాడు. తరువాత ప్రపంచ విజేత అయిన ఆ మహా ఆటగాడు, ఓటమి తట్టుకోలేక తన రాజును విసిరికొట్టాడని చెప్పుకుంటారు. అయితే దీనికి చాలా ముందే, 1855లో, కలకత్తాలో మహేశచంద్ర బెనర్జీ జాన్ కాక్రేన్‌పై ఇటువంటి ఎత్తులే వేశాడు. మన పాత ఆటలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడిచేది. నిదానంగా బంటును జరిపి దాని వెనుక శకటును నిలిపే అలవాటు అక్కడినుంచే వచ్చి ఉండవచ్చు.

ఈ వ్యూహంలో ఆలస్యానికి చోటు లేదు. ఒత్తిడి సడలిన మరుక్షణం తెల్లబంట్లు ముందుకు దూసుకువచ్చి నల్లపావులకు ఊపిరాడనీయవు. 2010లో సోఫియాలో ప్రపంచ విజేత విశ్వనాథన్ ఆనంద్ టోపలోవ్‌తో జరిగిన తొలి ఆటలో ఈ రక్షణనే ఎంచుకున్నాడు. ముందుగా సిద్ధం చేసుకున్న ఎత్తుల క్రమం మరచి, 23వ ఎత్తులో రాజును తప్పుగా జరిపాడు. టోపలోవ్ వెంటనే గుర్రాన్ని బలి ఇచ్చి దాడికి దిగాడు. 30 ఎత్తులకే ఆట ముగిసింది. ఆనంద్ మాత్రం ఆ వ్యూహాన్ని విడిచిపెట్టలేదు. పదవ ఆటలో మళ్ళీ దానినే ఆడి, ఆటను సమం చేసుకున్నాడు. ఆ పోటీని ఆరున్నర, అయిదున్నర పాయింట్ల తేడాతో గెలిచాడు.